ఉప్పునీటి పంట, అడవి ఆముదం

(రేడియో ప్రసంగ పాఠం)



అబుదాబి నుంచి అల్ ఐన్ వెళ్ళే దారిలో ఇసుక దిబ్బల మధ్య అక్కడక్కడా సన్నని ఆకులతో, ముళ్ళతో, కొమ్మలు కిందికి వంచుకుని నిలబడ్డ చెట్లను మీరు చూసే ఉంటారు. ఇక్కడివాళ్ళు వాటిని గాఫ్ అంటారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చాలాకాలం అవేవో ఎడారి తుమ్మలు అనుకున్నాను. ఒక దసరా నాడు మాతోపాటు గదిలో ఉండే నిజామాబాద్ పెద్దమనిషి వ్యాను ఆపించి దిగాడు. కింద రాలిన రెమ్మ ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఇది మన జమ్మి గదా, గుర్తు పట్టలేదా?" అన్నాడు. నిజమేనండీ. వృక్షశాస్త్రంలో రెంటికీ ఒకటే పేరు. 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి, ఎమిరేట్స్ జాతీయ వృక్షమైన గాఫ్ ఒకటే చెట్టు. 2019ని ఈ దేశం సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు దానికి గుర్తుగా పెట్టుకున్నది కూడా ఈ చెట్టునే.

జమ్మిలో అగ్ని దాగి ఉంటుందని మన పెద్దలు చెప్పేవారు. యజ్ఞానికి నిప్పు పుట్టించే అరణిని జమ్మి మీద మొలిచిన రావితో చేసేవారట. ఇక్కడివాళ్ళకు ఆ కథ తెలియదు కానీ, పెట్రోలు రాకముందు ఈ తీరంలో పొయ్యి వెలిగింది గాఫ్, సమర్ చెట్ల బొగ్గుతోనూ, మడ అడవుల కట్టెతోనూ. 1962లో దాస్ ద్వీపం నుంచి మొదటి చమురు ఓడ బయలుదేరే దాకా ఇక్కడ కూడా ఇంధనం అంటే చెట్టే. ఆ తర్వాతి కథ మీకు తెలుసు. ఆ కథ వల్లనే కదా మనం ఇక్కడున్నాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ చమురు గురించి కాదు. చేలో పండించి ఇంజనులో పోసే నూనె గురించి. చమురు దేశంలో కూర్చుని ఇదేం విషయం అనుకోకండి. ఈ ప్రయత్నం ఇక్కడ యాభై ఏళ్ళ నాడే ఒక రకంగా మొదలైంది. మన పాలమూరు చెలకల్లోనూ జరిగింది. ఆ రెండో ముచ్చటలో నా డబ్బూ, నా తప్పూ కొంత ఉన్నాయి. అది తర్వాత చెప్తాను.

ముందు పాత సంగతి. ఇంధనం కోసం పంట పండించడం మనకు కొత్త కాదు. మా నాయనమ్మ చిన్నప్పటి ఇంట్లో రాత్రి వెలుగు అంటే ఆముదపు దీపమే. నల్గొండ, మహబూబ్‌నగర్ ఎర్ర చెలకలు ఆముదం పంటకు పేరుపడ్డవి. ఆముదం పొగ తక్కువగా, నెమ్మదిగా కాలుతుంది. అందుకే బ్రిటిష్ కాలంలో మన దేశపు రైల్వే దీపాల్లో కూడా ఆముదమే పోసేవారు. అంటే ఒకప్పుడు ఆముదం రైతుకు రెండు బజార్లు ఉండేవి, ఊళ్ళో దీపం ఒకటి, పట్నంలో రైలు కంపెనీ ఒకటి. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి రేకు డబ్బాల్లో కిరసనాయిలు వచ్చింది. మా వైపు దాన్ని గ్యాసునూనె అంటారు. అమెరికా నుంచి, రష్యా నుంచి, బర్మా నుంచి ఓడల్లో దిగిన ఆ డబ్బా, గానుగ ఆడించిన నూనె కంటే చవక. దీపం బజారు పోయింది. అయితే ఆముదం పంట మాత్రం పోలేదు. ఎందుకంటే ఆముదానికి ఇంకో గుణం ఉంది, యంత్రాలకు కందెనగా అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజను విమానాలు ఆముదం లేనిదే తిరిగేవి కావు. మనం ఇప్పుడు కారు సర్వీసింగుకి ఇచ్చినప్పుడు వినే క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే. ఒక కొనుగోలుదారు పోయినా ఇంకొకడు ఉన్నాడు కనుక ఆముదం రైతు బతికాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో తిరిగింది. అంటే ఇంజను పుట్టిన కొత్తలోనే పంట నూనెతో నడిచింది. నడవడం ఎప్పుడూ సమస్య కాదు, ఖరీదే సమస్య. స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే, 1948లో, మన దేశంలో పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్‌ను పెట్రోలులో కలపాలని దాని ఉద్దేశం. 2000లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. యాభై రెండేళ్ళు పుస్తకంలో ఉండి, పెట్రోలు చవకగా దొరికినంత కాలం అది పెద్దగా అక్కరకు రాలేదు.

ఇక ఎమిరేట్స్ సంగతి. 1970ల మొదట్లో, అంటే ఈ దేశం దేశంగా ఏర్పడుతున్న రోజుల్లోనే, సాదియాత్ ద్వీపంలో ఒక వింత తోట ఉండేది. ఇవాళ అక్కడ లూవ్ర్ మ్యూజియం, ఖరీదైన విల్లాలు ఉన్నాయి. అప్పుడు ఉత్త ఇసుక. షేక్ జాయెద్ ప్రోత్సాహంతో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడ ప్లాస్టిక్ పందిళ్ళు వేసి టమాటాలు, దోసకాయలు పండించారు. నీళ్ళెక్కడివి? డీజిల్ జనరేటరు తిరిగేటప్పుడు వృథాగా పోయే వేడితో సముద్రపు నీటిని మంచినీరు చేసేవారు. కరెంటూ వచ్చేది, నీళ్ళూ వచ్చేవి, కూరగాయలూ వచ్చేవి. చాలా తెలివైన ఏర్పాటు. కానీ లెక్క చూస్తే, డీజిలును టమాటాగా మార్చడమే అది. చమురున్న దేశానికి అది భరించదగ్గ ఖర్చు.

ఆ పని నడిపించిన శాస్త్రవేత్త పేరు కార్ల్ హాడ్జెస్. ఆయనకు తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి ఇంత ఖర్చెందుకు, ఉప్పునీరే తాగే పంట ఉంటే సరిపోతుంది కదా అని. ఆయనా, ఆయన సహచరులూ ప్రపంచమంతా ఉప్పు చెలమల్లో పెరిగే మొక్కలు వెతికి చివరికి సాలికోర్నియా అనే దాన్ని పట్టుకున్నారు. ఆకులుండవు. కణుపు కణుపుల పచ్చటి కాడలు, నమిలితే ఉప్పగా ఉంటాయి. మన కోస్తాలో మడ అడవుల పక్కన కూడా ఈ జాతి మొక్కలు ఉన్నాయి. మెక్సికోలోని సోనోరా తీరంలో ఆరేళ్ళు సముద్రపు నీటితోనే దీన్ని పండించి, 1991లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. హెక్టారుకు సుమారు రెండు టన్నుల గింజ, గింజలో దాదాపు 30 శాతం నూనె. సోయాబీన్‌కు తీసిపోని దిగుబడి, అదీ మంచినీటి చుక్క లేకుండా.

చదవగానే గుండె పొంగుతుంది. కానీ రైతు బిడ్డగా ఆ కాగితాన్ని ఇంకోసారి చూస్తే కొన్ని సంగతులు కనబడతాయి. ఉప్పునీరు పెట్టే చేనుకు మామూలు చేనుకంటే ఎక్కువ నీళ్ళు పారించాలి, లేకపోతే ఉప్పు వేళ్ళ దగ్గర పేరుకుపోతుంది. సముద్రం ఉచితమే, తోడే కరెంటు ఉచితం కాదు. తీరం నుంచి ఎత్తు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. గింజ ఆవగింజ కన్నా చిన్నది, కోతలో సగం రాలిపోతే అడిగేవాడు లేడు. హాడ్జెస్ తర్వాత ఎరిట్రియాలో మసావా రేవు దగ్గర పెద్ద సముద్రపునీటి వ్యవసాయం మొదలుపెట్టారు. రొయ్యలు, చేపలు, సాలికోర్నియా, మడ చెట్లు, అన్నీ ఒకే కాలువ మీద. ఆ దేశపు గొడవల్లో అది కొన్నేళ్ళకే ఆగిపోయింది. అయినా ఆ నమూనా మాత్రం చావలేదు, మళ్ళీ అబుదాబికే తిరిగి వచ్చింది. అక్కడికి వచ్చే ముందు మనూరికి పోదాం.

2003 ఏప్రిల్‌లో ఢిల్లీలో ప్రణాళికా సంఘం జీవ ఇంధనాల మీద ఒక నివేదిక ఇచ్చింది. జట్రోఫా, అంటే అడవి ఆముదం, కొన్ని చోట్ల నేపాళం అంటారు, దీన్ని దేశమంతటా నాటించాలని దాని సారాంశం. 2011-12 నాటికి డీజిలులో 20 శాతం కలపాలంటే కోటీ 12 లక్షల హెక్టార్లు కావాలని లెక్క వేశారు. హెక్టారుకు 3.75 టన్నుల గింజ వస్తుందని, కిలోకు అయిదు రూపాయలు పడుతుందని అంచనా. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2005లో వర్షాభావ జిల్లాల్లో లక్షల ఎకరాల్లో జీవ ఇంధన మొక్కలు వేయిస్తామంది. ఆ ఏడాదే కేంద్రం బయోడీజిల్‌ను లీటరు 25 రూపాయలకు కొంటామని ప్రకటించింది. పేపర్లలో రోజూ ఇదే వార్త. "బీడు భూముల్లో బంగారం" అన్న శీర్షిక ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

షార్జాలో ఒక బిల్డింగ్ మెటీరియల్ కంపెనీలో అకౌంట్లు రాసుకునే నేను కూడా ఇంటర్నెట్‌లో అవన్నీ చదివాను. మా చిన్నాయనకు జడ్చర్ల దగ్గర నాలుగెకరాల ఎర్ర చెలక ఉంది. వానొస్తే ఆముదం, కంది, లేకపోతే బీడు. నేనే ఫోన్ చేసి చెప్పాను, "చిన్నాయనా, ఇది నీళ్ళు అడగదట, మేకలు ముట్టవట, యాభై ఏళ్ళు కాస్తదట" అని. ఆయనకు నమ్మకం కుదరలేదు. "నీళ్ళు లేకుంట పెరిగేది ఏందిరా, నా గడ్డం తప్ప?" అన్నాడు. అయినా దుబాయి నుంచి కొడుకు చెప్పాడు కదా. మనవాళ్ళకు షార్జా అయినా దుబాయే. 2006 వానాకాలంలో నలభై వేలు పంపాను. అప్పటి రేటులో మూడు వేలకు పైగా దిర్హాములు, నాకు రెండు నెలల పొదుపు. ఒక కంపెనీ మనిషి ఊరికొచ్చి కాగితం మీద సంతకం తీసుకున్నాడు, గింజ అంతా మేమే కొంటాం అన్నాడు. ఎకరాకు వెయ్యి చొప్పున నాలుగు వేల మొక్కలు. పాత ఆముదం పంట తీసేసి అడవి ఆముదం పెట్టాం. ఆ పేర్లలోనే ఉంది వెటకారం.

ఆ ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం నాలుగెకరాలకు ఆరు టన్నుల గింజ, ముప్పై వేల రూపాయలు రావాలి. మూడో ఏట మాకు వచ్చింది ఆరు బస్తాలు. అంటే ఇంచుమించు 240 కిలోలు, పన్నెండు వందల రూపాయల సరుకు. కాయలన్నీ ఒకేసారి పండవు, వారం వారం తిరిగి ఏరుకోవాలి. అప్పటికే 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం మా ఊరికి కూడా వచ్చింది. అక్కడ గవర్నమెంటు కూలి దొరుకుతుంటే ఈ ముక్కవాసన కాయలు ఏరడానికి ఎవరొస్తారు? వచ్చిన ఇద్దరు ఆడకూతుళ్ళకు ఇచ్చిన కూలి గింజల ధర కంటే ఎక్కువైంది. బస్తాలు తీసుకుని సంతకం పెట్టించుకున్న కంపెనీ ఆఫీసుకు పోతే ఆ గదిలో అప్పటికి మొబైల్ రీచార్జి షాపు ఉంది.

తప్పు మొక్కది కాదండీ. అది నీళ్ళు లేకపోయినా చావదు, ఆ మాట నిజం. చావకుండా ఉండటానికీ కాయడానికీ తేడా ఉంది. దాన్ని మన తాతలు గట్ల మీద కంచెగా పెట్టారు, చేలో పెట్టలేదు. ఎరువు, నీళ్ళు పెడితే అదీ కాస్తుంది, కానీ ఎరువు, నీళ్ళు ఉన్న చేలో అడవి ఆముదం ఎందుకు వేస్తాడు, వరే వేసుకుంటాడు కదా. ఇంకో లెక్క చూడండి. ఊళ్ళలో వాడే మిల్లులో లీటరు నూనె రావాలంటే మూడున్నర నుంచి నాలుగు కిలోల గింజ కావాలి. కిలో అయిదు రూపాయలంటే గింజకే ఇరవై దాకా అవుతుంది. ఇక ఏరిన కూలి, రవాణా, మిల్లు, ఆ నూనెను బయోడీజిల్ చేసే రసాయనాలు, లాభం, అన్నీ మిగిలిన అయిదు రూపాయల్లో కావాలి. లీటరు 25 అన్న ధర దగ్గర ఫ్యాక్టరీ నిలవాలంటే రైతు చావాలి, రైతు నిలవాలంటే ఫ్యాక్టరీ మూయాలి. కాకినాడలో సముద్రం పక్కనే కట్టిన పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీలు మన గింజ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఓడలో వచ్చే పామాయిల్ సరుకులతో నడిపించుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం తర్వాత జట్రోఫా మాట తగ్గించి కానుగ వైపు మొగ్గింది. పైగా ఆముదం పిండి ఎరువుగానైనా అమ్ముడుపోతుంది, నూనె పది రకాలుగా అమ్ముడుపోతుంది. అడవి ఆముదం విషం. పిండి పశువు తినదు, నూనె మనిషి తినడు. ఉన్నది ఒకే కొనుగోలుదారు. ఆ ఒక్కడు రాకపోతే అంతే.

మనమే మోసపోయాం అనుకోకండి, లండన్‌లో కోటు వేసుకున్నవాళ్ళూ మోసపోయారు. 2007లో బి.పి. అనే మహా చమురు సంస్థ డి1 ఆయిల్స్ అనే కంపెనీతో కలిసి జట్రోఫా తోటల కోసం ఉమ్మడి సంస్థ పెట్టింది. 2008 జూలైలో చమురు బ్యారెల్ 147 డాలర్లకు పోయింది. డిసెంబరులో, ముప్పైల్లోకి దిగిపోతుండగానే, ఎయిర్ న్యూజీలాండ్ వాళ్ళు ఒక బోయింగ్ ఇంజనులో సగం జట్రోఫా నూనె కలిపి ఎగిరి చూపించారు. 2009లో బి.పి. ఆ ఉమ్మడి సంస్థ నుంచి తప్పుకుంది. అదే 2009లో దుబాయి క్రేన్లు ఆగిపోయాయి, మా కంపెనీలో నాలుగు నెలలు జీతాలు ఇవ్వలేదు. ఇక్కడ నా ఉద్యోగం, అక్కడ చిన్నాయన చేను, రెండూ ఒకే బ్యారెల్ ధర గుంజకు కట్టిన మేకలని అప్పుడు అర్థమైంది. ఎప్పుడో చిన్నప్పుడు బడిలో చెప్పిన అర్థశాస్త్రం ఆ నాలుగు నెలల్లో బాగా తెలిసింది.

అదే రోజుల్లో ఆదిలాబాద్‌లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పకపోతే అన్యాయం. పవర్‌గూడ అని ఒక ఆదివాసీ గూడెం. అక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు పెంచి, గింజ ఏరి, గూడెంలోనే చిన్న మిల్లులో నూనె పట్టించారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు తోడు నిలిచారు. డీజిలు బదులు ఆ నూనె వాడితే గాలిలోకి పోకుండా ఆగే బొగ్గుపులుసు వాయువు ఎంతో లెక్క కట్టి, 2003లో 147 టన్నుల లెక్కన ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు, మన డబ్బులో ముప్పై వేలకు కాస్త తక్కువ. ప్రపంచ బ్యాంకు ఎందుకు కొన్నదో తెలుసా? వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు వచ్చినవాళ్ళ విమాన ప్రయాణాల పొగకు ప్రాయశ్చిత్తంగా. ఆదిలాబాద్ అడవిలో ఆడవాళ్ళు ఏరిన కానుగ కాయ, అమెరికా విమానం ఖాతాలో జమ అయింది. ఇది విని నేను నవ్వాను, తర్వాత ఆలోచించాను. ఆ ఆడవాళ్ళు నష్టపోలేదు. కానుగ వాళ్ళకు ప్రధాన పంట కాదు. చెట్టు గట్టు మీద ఉంటుంది, ఆకు ఎరువవుతుంది, పుల్ల పళ్ళు తోముకోవడానికి, పిండి చేనుకు, నూనె తాము వాడుకోగా మిగిలితే అమ్మకానికి. నూనెకు ధర రాకపోయినా వాళ్ళ పొయ్యి ఆరదు.

మెదక్ జిల్లాలో తీపి జొన్న ప్రయత్నం కూడా జరిగింది. ఇక్రిశాట్ సాయంతో 2007లో మొహమ్మద్ షాపూర్‌లో రుస్ని డిస్టిలరీ జొన్న కాడల రసంతో ఇథనాల్ తీసింది. గింజ తినడానికి, కాడ ఫ్యాక్టరీకి, పిప్పి పశువుకు. ఊహ మంచిదే. కాని కోసిన కాడను ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే తీపి పోతుంది, బండి ఆలస్యమైతే రైతు నష్టపోయినట్టే. ఇథనాల్ కొనుగోలు ధర అప్పట్లో లీటరు 21 రూపాయల 50 పైసలు. అది ఎక్కువ కాలం నిలవలేదు.

2008 అంటే ఈ దేశంలో ఉన్న మన కుటుంబాలకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంటుంది. సోనామసూరి బస్తా. భారత ప్రభుత్వం ముందు 2007 అక్టోబరులో, తర్వాత 2008 ఏప్రిల్‌లో బాస్మతి కాని బియ్యం ఎగుమతులు ఆపేసింది. సూపర్‌మార్కెట్ అరల్లో మన బియ్యం కనబడలేదు. అమెరికాలో ఉన్న మా బావమరిది కాస్ట్‌కోలో మనిషికి ఇన్ని బస్తాలని షరతు పెట్టారని ఫోన్ చేసి చెప్పాడు. ఆ ధరల మంటకు కారణాల్లో ఒకటి ఇంధన పంటలు. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డొనాల్డ్ మిచెల్ అప్పట్లో, ఆహార ధరల పెరుగుదలలో 70 నుంచి 75 శాతానికి జీవ ఇంధనాలు, వాటి వెంట వచ్చిన పరిణామాలే కారణమని రాశాడు. అంత ఉండదని కాదన్నవాళ్ళూ ఉన్నారు. అయితే అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతు దాకా ఇథనాల్ ఫ్యాక్టరీకి పోతుంటే మిగతా ధాన్యాల ధర కదలకుండా ఎలా ఉంటుంది? 2023 జూలైలో మళ్ళీ బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మనవాళ్ళు బస్తాల కోసం కొట్టుకున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. అప్పుడు కారణాలు వేరు, ఖాళీ అర మాత్రం అదే. ఎమిరేట్స్ కూడా నాలుగు నెలలు బియ్యం బయటికి పంపకుండా ఆపుకుంది.

ఎమిరేట్స్‌కు 2008 నేర్పిన పాఠం మన కంటే గట్టిది. ఇక్కడ తిండి దాదాపు అంతా బయటి నుంచి రావాలి. వాన ఏడాదికి వంద మిల్లీమీటర్లు అటూ ఇటూ, నది లేదు. భూగర్భ జలం చాలావరకు ఉప్పే, ఉన్న మంచిదీ రోడ్స్ గడ్డి వేసి తోడేసుకున్నారు. ఆ గడ్డికి ఇచ్చే సబ్సిడీని అబుదాబి తర్వాత తగ్గించుకుంటూ వచ్చింది. ఇలాంటి చోట మంచినీటితో ఇంధన పంట అంటే పిచ్చిమాట. అందుకే సాలికోర్నియా మళ్ళీ పైకొచ్చింది. దుబాయిలో 1999 నుంచి ఉప్పునీటి వ్యవసాయానికే ఒక అంతర్జాతీయ కేంద్రం ఉంది. 2010లో మస్దార్ ఇన్‌స్టిట్యూట్, బోయింగ్, ఎతిహాద్, హనీవెల్ యు.ఓ.పి. కలిసి ఒక పరిశోధన కూటమి పెట్టుకున్నాయి. 2016 మార్చిలో మస్దార్ సిటీలో రెండు హెక్టార్ల చేను మొదలైంది. సముద్రపు నీరు ముందు చేపల, రొయ్యల చెరువుల్లోకి, అక్కడి మురికి నీరు ఎరువుగా సాలికోర్నియా మడుల్లోకి, అక్కడి నుంచి మడ చెట్లలోకి. హాడ్జెస్ ఎరిట్రియాలో కట్టిన కాలువే ఇది. భీమవరం, నెల్లూరు రొయ్యల చెరువులు చూసినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది, మన చెరువుల మురికి నీరు ఎక్కడికి పోతుందో కూడా తెలుసు కదా.

2019 జనవరిలో ఎతిహాద్ బోయింగ్ 787 ఒకటి ఆ గింజల నూనె కొంత కలిపిన ఇంధనంతో ప్రయాణికులను ఎక్కించుకుని అబుదాబి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళింది. ఆ వార్త చూసి నేనే చిన్నాయనకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళయినా ఆ నాలుగెకరాల సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాట్లాడుకోం. ఆయన చాలాసేపు విని, "ఎంత పండింది?" అని ఒకటే అడిగాడు.

లెక్క వేసి చెప్పాను. సైన్స్ పత్రికలోని దిగుబడే పట్టుకుందాం. రెండు హెక్టార్లూ సాలికోర్నియానే వేసినా, ఏడాదికి నాలుగు టన్నుల గింజ, అందులో నుంచి ఒక టన్ను నూనె. 787 గంటకు సుమారు అయిదు టన్నుల ఇంధనం తాగుతుంది. అంటే ఏడాది పంటంతా పన్నెండు నిమిషాలు. ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఏడు గంటలు మొత్తం ఈ నూనెతోనే పోవాలంటే 35 టన్నులు, అంటే 70 హెక్టార్లు, మన లెక్కలో నూటా డెబ్భైకి పైగా ఎకరాలు, ఒక్కసారి పోవడానికి. తిరిగి రావడానికి ఇంకో నూటా డెబ్భై. చిన్నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి రొయ్యలు ఎంతకు అమ్మిన్రు?" అన్నాడు.

సరిగ్గా అదే ప్రశ్న. ఆ చేను నిలబడితే రొయ్యల మీద నిలబడుతుంది, నూనె దాని పక్కవాయిద్యం. అదే సాలికోర్నియా లేత కాడను యూరప్‌లో హోటళ్ళు కూరగా కొంటాయి, కిలో కూరకు వచ్చే ధర ముందు కిలో విమాన ఇంధనం ధర ఎందుకూ పనికిరాదు. మరి ఎడారిలో ఇంధనమే కావాలంటే? 2019లోనే స్వైహాన్‌లో 1,177 మెగావాట్ల నూర్ అబుదాబి సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ మరుసటి ఏడాది అల్ దఫ్రా ప్రాజెక్టుకు యూనిట్ 1.35 అమెరికా సెంట్లకే ఇస్తామని టెండరు వేశారు. మొక్క తన మీద పడ్డ ఎండలో నూటికి ఒక వంతు కూడా దాచుకోవడం కష్టం, అద్దం పలక ఇరవై వంతులు పట్టుకుంటుంది. కారు కరెంటుతో నడుస్తుంది, ఏ.సి. కరెంటుతో నడుస్తుంది. విమానం ఒక్కటే ఇంకా నూనె అడుగుతోంది. అందుకే ఈ దేశం 2031 నాటికి తమ విమాన సంస్థలకు ఇక్కడ పోసే ఇంధనంలో ఒక శాతం స్థానికంగా తయారైన పచ్చ ఇంధనం ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఒక్క శాతం, గమనించండి. అదీ పొలం నుంచే రావాలని లేదు. వాడిన వంటనూనెతో బయోడీజిల్ చేసి దుబాయిలో 2011లోనే ఒక బర్గర్ కంపెనీ తన లారీలు నడిపింది. మన ఇళ్ళలో బజ్జీలు వేయించిన నూనెకు చేను అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, ఏరే కూలి మాత్రం కావాలి.

ఇక మన దగ్గర ఇప్పుడు జట్రోఫా పేరు ఎవరూ ఎత్తరు. ఇథనాల్ రోజులు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ అన్న లక్ష్యాన్ని 2025లో అందుకున్నామని కేంద్రం ప్రకటించింది. చెరకు, నూకలు, మొక్కజొన్న దీనికి ముడిసరుకు. జట్రోఫాతో పోలిస్తే ఇందులో రైతుకు ఒక భద్రత ఉంది, మొక్కజొన్నను ఫ్యాక్టరీ కొనకపోతే కోళ్ళ ఫారం కొంటుంది. ఆముదం రైతుకు ఉన్న రెండు బజార్ల సంగతి ఇందాక చెప్పాను కదా, అదే ఇది. అయితే ఆ రెండో కొనుగోలుదారుకు ధర మంటెక్కింది. 2024లో మన దేశం మొక్కజొన్న అమ్మే దేశం నుంచి కొనే దేశంగా మారింది. గుడ్డు ధరలో ఆ వేడి తగిలే ఉంటుంది. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళకు వేరే బాధ. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కింది నీళ్ళ గురించి, వాసన గురించి. మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చాం చూశారా.

మా చిన్నాయనకు ఇప్పుడు డెబ్భై నాలుగు. అడవి ఆముదం నాలుగెకరాలనూ 2011లో జేసీబీ పెట్టి పెకలించాడు, ఆ ఖర్చు కూడా నేనే పంపాను. గట్టు మీద ఒక వరస మాత్రం ఉంచాడు. ఎందుకంటే మేకలు ముట్టవు, కంచెగా పనికొస్తుందని. మొన్న వానాకాలం చేను మొత్తం మొక్కజొన్న వేశాడు. మద్దతు ధర క్వింటాకు 2,400 అన్నారు కదా అని. ఫోన్ చేసినప్పుడు ఈసారి నేనేం సలహా ఇవ్వలేదు. ఆయనే అడిగాడు, "వ్యాపారి వచ్చిండు, సరుకంతా ఇథనాల్ ఫ్యాక్టరీకే పోతదంట. సగం వాళ్ళకిచ్చి సగం కోళ్ళోళ్ళకు ఆపుతున్న. ఏమంటవ్?"

మంచిదే చిన్నాయనా అన్నాను.

"నిన్ను అడగలే, చెప్తున్న" అన్నాడు.